బాయి అడుగున నున్నవాని మాట

ఖమ్మము నుండి వైరా, తల్లాడ, జూలూరుపాడుల మీదుగా కొత్తగూడెమునకును, అచటినుండి పాల్వంచ మీదుగా గోదావరీతీరమున వెలసిన భద్రాచలమునకును పోవు బాట, వైరా జలాశయము క్రింది వరిచేలను దాటినది మొదలు మెల్లమెల్లగా అరణ్యములోనికి ప్రవేశించును. టేకు, తునికి, ఇప్ప, మద్ది చెట్లతో నిండిన ఆ యడవికి పైభాగము కోయలకును, కొండరెడ్లకును తరతరాల నివాసభూమి కాగా, దాని క్రిందిభాగము దక్షిణభారతమున కంతకును ప్రధానమైన బొగ్గునిధి. భద్రాద్రి రాముని సేవింపబోవు యాత్రికులు ఇల్లెందు చెంత విడిదిచేసి, వంటకై నల్లని రాళ్లను పొయ్యిగా పేర్చికొనగా, కట్టెలతోపాటు ఆ రాళ్లును మండినవని ఒక జనశ్రుతి గలదు. 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టరు విలియం కింగ్ అచట బొగ్గును గుర్తించెను. నేటికిని ఆ గనులలో ఒక పొరకు కింగ్ సీమ్ అనియు, మఱియొక పొరకు క్వీన్ సీమ్ అనియు పేళ్లు నిలిచియున్నవి. 1886లో బొగ్గు త్రవ్వు హక్కు ఇంగ్లండులో నమోదైన హైదరాబాదు దక్కను కంపెనీకి సంక్రమించెను. 1889లో ఇల్లెందున త్రవ్వకము మొదలాయెను. 1920లో సింగరేణి గ్రామము పేరిట నేటి కంపెనీ యేర్పడెను.

రాయి మండునని మొదట నెఱిగినవాడు బాటసారి; దానిని త్రవ్వినవాడు కూలి; ఎంత త్రవ్వవలెనో, ఎట్లు త్రవ్వవలెనో, అందులకు ఎంత కూలి యీయవలెనో నిశ్చయించినవాడు మాత్రము ఆ యడవిని ఎన్నడును కన్నులార చూచి యెఱుగని దూరదేశపు వాటాదారు. పనిచేయువానికిని, ఆ పనినిగూర్చి నిర్ణయించువానికిని నడుమ నిట్లేర్పడిన దూరమును తగ్గించుట యెట్లు అను ప్రశ్న నేడు బ్యాంకులందును, ఆసుపత్రులందును, పాఠశాలలందును, సాఫ్ట్‌వేరు కార్యాలయములందును సమానముగా వినవచ్చుచున్నది. జట్టులోని వారి నందఱిని నిర్ణయములలో భాగస్వాములను చేయవలెనని యుపన్యసింపని అధికారి యిప్పుడు లేడు. అయినను ఆ మాటకు అర్థమేమో, అది ఆచరణమున నెట్లుండునో, ఎచట విఫలమగునో తెలిసికొన గోరువారు బొగ్గుగనులవైపు చూడవలెనని నా నమ్మకము. ఏలయన అచట తప్పుడు నిర్ణయమునకు మూల్యము లెక్కల పుస్తకములో మాత్రమే చెల్లింపబడదు.

భూగర్భగనిలో పని సాగు తీరును కొంచెము వివరించిన గాని ఈ విషయము అవగతము కానేరదు. షిఫ్టు మొదలగు వేళకు మస్టరు వేయించుకొని, ల్యాంపురూములో దీపమును తీసికొని శిరస్త్రాణమునకు తగిలించుకొని, ఇంక్లైన్ అను వాలుదారి వెంట క్రిందికి దిగిన కార్మికుడు తన పనిచోటు చేరుసరికే పైలోకపు వెలుతురుతో సంబంధము తెగిపోవును. బొగ్గుపొరలో నడుమనడుమ స్తంభములను విడిచిపెట్టుచు దారులను తొలుచుట ఇచటి పాతపద్ధతి. షాట్‌ఫైరర్ రంధ్రములలో మందు కూరి పేల్చగా రాలిన బొగ్గును ఒకప్పుడు తట్టలతో టబ్బులకెత్తెడివారు; ఇప్పుడా పనిని చాలచోట్ల యంత్రములు చేయుచున్నవి. బొగ్గు తీసిన మేర తలపైనున్న కప్పు నిరాధారమగును గనుక, దానిని టింబర్‌మన్ దుంగలతోను, ఇనుపకమ్ములతోను, రూఫ్ బోల్టులతోను నిలబెట్టును. ఈ కప్పు నిలుకడను పరీక్షించుటకు గనిలో ఒక ప్రాచీనమైన ఉపాయము గలదు: కఱ్ఱతో తట్టి చెవియొగ్గి వినుట. గట్టికప్పు ఖంగుమని పలుకును; లోపల పొర విడిన కప్పు బోలుగా, డొల్లగా పలుకును. ఈ రెండు నాదముల నడుమ నుండు అనేక శ్రుతిభేదములను, ఇరువది యేండ్లు అదే సీమ్‌లో పనిచేసిన మనుష్యుని చెవి యెఱిగినట్లు, పైన కార్యాలయములో పటము పఱచుకొని కూర్చున్న ఇంజనీరు, అతడెంతటి ప్రజ్ఞావంతుడైనను, ఎఱుగజాలడు. ఇంజనీరు పొరల వాలును, నీటి యూటల జాడను, గాలి ప్రసరణమును, పాతపనుల హద్దులను ఎఱిగినంతగా ఆ కార్మికుడును ఎఱుగడు. కావున సత్యము ఇరువురి మధ్య చీలియున్నది; ఒక్కనికే పూర్తిగా లభింపదు. నిర్ణయమున భాగస్వామ్యమునకు ఆధారము, నేను చూచినంతవఱకు, ఈ చీలికయే. పెద్దవారు చిన్నవారిని గౌరవించుటకై చేయు మర్యాదగా దీనిని భావించుట చాల తక్కువచేసి చూచుట యగును.

చట్టము సైతము ఈ విషయమును కొంతవఱకు గ్రహించినది. గనిలోని ఒక భాగమునకు (దీనినే డిస్ట్రిక్టు అందురు) బాధ్యుడైన మైనింగ్ సర్దార్, తన పరిశీలనములో అపాయము కనిపించినయెడల, మనుష్యులను తక్షణమే అచటినుండి వెలుపలికి తీయవలెను; అందులకై మేనేజరు ఆజ్ఞకొఱకు నిరీక్షింప నక్కఱలేదు. గని సోపానమున చాల క్రిందిమెట్టున నిలిచిన ఒక యుద్యోగికి పనిని నిలిపివేయు నధికారమును ఒసగుట సామాన్యమైన విషయము కాదు. అపాయమునకు ఎవడు సన్నిహితుడో వానిచేతనే నిర్ణయముండవలెనను న్యాయము ఇందు గర్భితమైయున్నది. ఎన్ని కార్యాలయములలో, ఎదుట జరుగుచున్న పొరపాటును చూచుచున్న చిన్నయుద్యోగి దానిని ఆపు నధికారము లేక, పైవారికి వర్తమానము పంపి, వారి యుత్తరువు వచ్చులోపల నష్టము పూర్తియగుటను నిస్సహాయుడై చూచుచుండునో పాఠకులకు స్వానుభవమున తెలిసియే యుండును.

జట్టుపనిని గూర్చి లోకమంతట నేడు ప్రచారమున నున్న ఆలోచనలలో ముఖ్యమైన దొకటి బొగ్గుగనిలోనే పుట్టినదని చెప్పిన కొందఱికి ఆశ్చర్యము గలుగవచ్చును. లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్ అను పరిశోధకుడును, స్వయముగా గనికార్మికుడై యుండిన కెన్ బ్యామ్‌ఫోర్త్ అను నతడును కలిసి, ఇంగ్లండు గనులలో లాంగ్‌వాల్ యంత్రపద్ధతి ప్రవేశించిన పిమ్మట కార్మికుల జీవనమున కలిగిన మార్పులను పరిశీలించి, 1951లో ఒక వ్యాసమును ప్రకటించిరి. పాతపద్ధతిలో కొద్దిమంది తమకు నచ్చినవారితో జట్టుకట్టి, ఒక చోటును తమదిగా స్వీకరించి, బొగ్గును కోయుట మొదలు కప్పును నిలబెట్టుట వఱకు పని యంతయు తామే చేసికొనెడివారు. ఎప్పుడు వేగిరపడవలెనో, ఎప్పుడు నిదానింపవలెనో తామే నిర్ణయించుకొనెడివారు. యంత్రము వచ్చినపిదప ఒక షిఫ్టువారు కోయుటయు, మఱియొక షిఫ్టువారు యంత్రమును జరుపుటయు, ఇంకొక షిఫ్టువారు నింపుటయుగా పని ముక్కలైపోయెను. ఒక షిఫ్టువారు విడిచిన లోపము తరువాతి షిఫ్టువారి నెత్తిన పడుచుండెను. వారు వీరిని, వీరు వారిని నిందించుచుండిరి. యంత్రము శక్తిమంతమైనను ఆశించిన ఫలితము రాకుండెను. పిమ్మట దక్షిణ యార్క్‌షైరులోని ఒక గనిలో కార్మికులు యంత్రమును విడువకయే మరల తమలో తాము జట్లుగా కూడి, పనులను మార్చుకొనుచు, షిఫ్టులను తామే సర్దుకొనుచు పనిచేయుటను ట్రిస్ట్ చూచెను. యంత్రమును, మానవసంబంధమును జంటగా దిద్దుకొనిన గాని పని సాగదను నిశ్చయమునకు ఆ పరిశోధకులు వచ్చినది ఈ పరిశీలనము వలననే. అదే సంస్థకు చెందిన ఎ. కె. రైస్ 1953లో అహమ్మదాబాదు కాలికో మిల్లులో మగ్గముల శాలయందు ఈ పద్ధతిని సూచించినపుడు, జట్లను ఎవరెవరితో కట్టవలెనో అధికారులు తేల్చులోపుననే నేతపనివారే తమలో తాము తేల్చుకొనిరి.

భారతదేశమున శాసనములకు కొఱత లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము నూఱుమంది లేక అంతకు మించిన కార్మికులున్న సంస్థలలో కార్మిక ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల సంఖ్యకు తగ్గకుండ నుండు వర్క్స్ కమిటీలకు అవకాశము కల్పించెను. 1958లో సంయుక్త యాజమాన్య మండలుల ప్రయత్నము జరిగెను. 1975లో షాపు కౌన్సిళ్ల పథకము వెలువడెను. 1976లో 42వ సవరణము ద్వారా రాజ్యాంగమున 43ఎ అధికరణమును చేర్చి, పరిశ్రమల నిర్వహణమున కార్మికుల భాగస్వామ్యమునకు ప్రభుత్వము పాటుపడవలెనని ఆదేశించిరి. 1990లో రాజ్యసభయందు ప్రవేశపెట్టబడిన భాగస్వామ్య బిల్లు మాత్రము చట్టము కాలేదు. జర్మనీలో 1951లోనే, బొగ్గు, ఉక్కు పరిశ్రమలకై చేసిన శాసనమువలన, కంపెనీ పర్యవేక్షక మండలిలో వాటాదారులతో సమానముగా కార్మికుల ప్రతినిధులకును స్థానములు లభించెను. ఆ దేశమున కార్మికుడు పొందినది ఓటు. మన దేశమున, అనేక పర్యాయములు, అతడు పొందినది సమావేశమునకు ఆహ్వానము. సమావేశములో ఫ్యాక్టరీ భోజనశాలను, త్రాగునీటిని, పండుగ సెలవులను చర్చించి, యంత్రములు, మనుష్యుల నియామకము, పని వేగము వంటి విషయములు వచ్చినపుడు అవి కమిటీ పరిధిలో లేవని పలుకుట మన వర్క్స్ కమిటీల చరిత్రలో సామాన్యమైన వ్యవహారము. కాగితముపై సజీవమై, కర్మాగారమున నిర్జీవమైన కమిటీని చూచిన కార్మికుడు మఱియొక కమిటీని నమ్మడు. అందువలన సారము లేని భాగస్వామ్యము అసలు లేకపోవుట కంటె హీనమని నేను తలచుచున్నాను.

సింగరేణి కథ ఈ విషయమున విశిష్టమైనది. 1990 దశకమున ఆ కంపెనీ రెండుమారులు నష్టములలో మునిగి, జబ్బుపడిన పరిశ్రమల విచారణ చేయు బి.ఐ.ఎఫ్.ఆర్. గడప నెక్కవలసివచ్చెను. కార్మికసంఘములు అనేకములు, ఒక్కొక్క బాయిలో, అనగా గనిలో, ఒక్కొక్క సంఘముది పైచేయి, ఒక సంఘముతో కుదిరిన ఒప్పందమును మఱియొక సంఘము ఒప్పుకొనదు, చిన్నచిన్న కారణములకు సైతము పని నిలిచిపోవుచుండెను. ఎవరితో మాటాడిన కార్మికులందఱితో మాటాడినట్లగునో యాజమాన్యమునకు తెలియని స్థితి యది. ఆ సంక్షోభము నుండి వెలువడిన మార్గము రహస్య ఓటు. 1998లో కేంద్ర కార్మికశాఖ పర్యవేక్షణమున సింగరేణిలో మొట్టమొదటి గుర్తింపు ఎన్నికలు జరిగి, ఎ.ఐ.టి.యు.సి. అనుబంధ సంఘము గెలుపొందెను. అప్పటినుండి ఎన్నో పర్యాయములు గెలుపు చేతులు మాఱినది. 2012లోను, 2017లోను తెలంగాణ బొగ్గుగని కార్మికసంఘము గెలిచినది. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికలలో 39 వేలకు పైబడిన ఓటర్లలో నూటికి తొంబదిమందికి మించి ఓటువేయగా, కంపెనీ మొత్తముమీద ఎ.ఐ.టి.యు.సి. గుర్తింపు సంఘమై, కొత్తగూడెము, ఇల్లెందు, మణుగూరు మున్నగు ఏరియాలలో ఐ.ఎన్.టి.యు.సి. ప్రాతినిధ్య సంఘమైనది. కంపెనీ స్థాయి విషయములు గుర్తింపు సంఘముతోను, ఏరియా స్థాయి విషయములు ప్రాతినిధ్య సంఘముతోను చర్చించు ఈ యేర్పాటును కొత్తగూడెమున ఎవరి నడిగినను వివరింపగలరు. టీ కొట్టుకడ సైతము సంఘముతో యాజమాన్యము జరుపు స్ట్రక్చర్ సమావేశము ఎప్పుడు, అందు ఏ యే అంశములు పెట్టిరి అను ప్రసంగము సాగుచుండును. కార్మికుల నివాసము, వైద్యము, బదిలీలు, పదోన్నతులు, వారసుల ఉద్యోగములు ఆ బల్లమీద తేలును.

ఇది సామాన్యమైన సాఫల్యము కాదు. యజమాని ఎవరితో మాటాడవలెనో కార్మికుడే రహస్యముగా, నిర్భయముగా ఎన్నుకొనుట పారిశ్రామిక ప్రజాస్వామ్యమునకు తొలిమెట్టు. అయినను ప్రాతినిధ్యము వేఱు, భాగస్వామ్యము వేఱు అను భేదమును విస్మరింపరాదు. కొన్నియేండ్ల కొకమారు ఓటువేసిన కార్మికుడు, రేపటి షిఫ్టులో తన గ్యాంగులో ఎవరుండవలెను, క్రొత్తయంత్రమును ఏ దారిలో నిలుపవలెను అను విషయములలో తన మాట చెల్లునని తలచుటకు ఆ ఓటొకటే చాలదు. అట్లే లాభములలో వాటా లభించుటయు నిర్ణయములలో వాటా లభించుటయు ఒకటి కావు. సింగరేణి తన లాభములలో కొంతభాగమును కార్మికులకు పంచుచున్నది. 2023-24 సంవత్సరపు లాభములలో విస్తరణ పెట్టుబడులకు కేటాయించినది పోగా మిగిలిన దానినుండి 33 శాతమును పంచినది. దసరాకు ముందు చేతికందు ఆ ధనము కుటుంబములకు ఎంతటి యాధారమో నేను లఘువుగా చెప్పుట లేదు. కాని ఆ డబ్బు పూర్వసంవత్సరపు ఫలితము. నిర్ణయము రాబోవు సంవత్సరమును గూర్చినది.

బాయి అడుగున నున్నవాని మాటకు సన్నిహితమైన వేదికగా నాకు తోచునది సేఫ్టీ కమిటీ. 1955 నాటి గనుల నియమములలో తరువాత చేర్చిన నిబంధనముల ప్రకారము నూఱుమందికి మించి పనిచేయు ప్రతి గనిలోను ఇట్టి కమిటీ యుండవలెను. మేనేజరు అధ్యక్షుడు, అతడు నియమించిన ఐదుగురు ఒకవైపు, కార్మికులు పంపిన ఐదుగురు మఱియొకవైపు, వీరితో కూడ వర్క్‌మన్ ఇన్‌స్పెక్టరు, సేఫ్టీ అధికారి. నెలకొకమారైనను సమావేశము జరుగవలెను. ఈ వర్క్‌మన్ ఇన్‌స్పెక్టరు పదవి మిక్కిలి గమనింపదగినది. ఐదువందల మంది లేక అంతకు మించి పనిచేయు గనిలో, కార్మికసంఘముతో సంప్రదించి, అనుభవజ్ఞులైన కార్మికులను ఈ పనికి నియమింతురు. వారు ఇంక్లైన్లను, దారులను, పనిచోట్లను, యంత్రములను తిరిగి చూచి, కనుగొన్న లోపములను ఒక రిజిస్టరులో వ్రాయుదురు. ఆ వ్రాతకు ఎదుట యాజమాన్యము తాను తీసికొనిన చర్యను, తేదిని వ్రాసి సంతకము చేయవలెను. తక్షణాపాయము కనబడినచో మేనేజరుకును, ప్రభుత్వపు గనుల ఇన్‌స్పెక్టరుకును తెలుపవలెను.

ఆ రిజిస్టరు నిర్మాణమును పరికించుడు. ఒక ప్రక్క క్రిందివాని మాట, దాని కెదురుగా పైవాని ప్రత్యుత్తరము, ఆ రెంటి నడుమ తేది. భాగస్వామ్యమును గూర్చి వ్రాయబడిన స్థూలగ్రంథములలో నేను చదివిన దానికంటె ఎక్కువ వివేకము ఈ రెండు గడులలో నున్నది. అడుగుట సులభము, అడిగిన పిదప బదులు చెప్పుట కష్టము. ఎన్నో కార్యాలయములలో సలహాల పెట్టె గోడకు వ్రేలాడుచుండును. అందులో వేసిన కాగితము ఏమాయెనో వేసినవానికి ఎన్నటికి తెలియదు. రెండవమారు అతడు వేయడు. సలహాను త్రోసిపుచ్చుటలో తప్పు లేదు, త్రోసిపుచ్చిన కారణమును చెప్పినంతకాలము. గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో 2003 జూన్ 16న ఒక్కుమ్మడిగా నీరు విరుచుకొనిపడి పదునేడుగురు కార్మికులు మరణించిన ఘోరమును తలచుకొన్నవారికి, గనిలోని ఏ చిన్న యనుమానమును పెడచెవిని పెట్టరాదని వేఱుగా చెప్ప నక్కఱలేదు.

కంపెనీ ఆర్థికస్థితిని, ఉత్పత్తి లక్ష్యములను కార్మికుల కెఱిగించుటకై వేఱువేఱు శాఖల అధికారులను బృందములుగా కూర్చి బాయిబాయికి పంపు ఆచారమును సింగరేణి చేపట్టినది. టన్ను బొగ్గు తీయుటకు ఎంత ఖర్చగుచున్నది, ఎంతకు అమ్ముచున్నాము, యంత్రము పగటివేళ ఎన్ని గంటలు ఖాళీగా నిలుచుచున్నది అను లెక్కలను కార్మికుల యెదుట పెట్టుట మంచిపని. లెక్క తెలియనివాడు మంచి సలహా ఈయలేడు. అయినను చెప్పుట భాగస్వామ్యములో సగము మాత్రమే. ఆ బృందము తిరిగి వచ్చునపుడు మొదట చెప్పినదానిని మరల చెప్పుటకు మాఱుగా, వెనుకటిమారు మీరు చెప్పినవానిలో వీనిని చేసితిమి, వీనిని చేయలేకపోతిమి, కారణమిది యని పలికినపుడు రెండవ సగము పూర్తియగును.

గనులతో సంబంధము లేని పాఠకులు తమ కార్యాలయములకు దీనిని ఎట్లు అన్వయించుకొనవలెనని అడుగవచ్చును. అందఱిని అన్ని విషయములలో అడుగుట సాధ్యము కాదు, అవసరమును లేదు. కప్పు విఱిగి పడుచున్న క్షణమున సభ తీర్చువాడు మూర్ఖుడు. అచట ఒక్కని కేక చాలును. అయితే ఆ కేక ఎవరు వేయవలెను, వినినవారు ఎటు పరుగెత్తవలెను అనునది ముందుగానే పదిమంది కూర్చుండి నిశ్చయించుకొనదగిన విషయము. తన గదిలో నిర్ణయమును ముందే చేసికొని, పిమ్మట జట్టువారిని పిలిచి మీ అభిప్రాయమేమి యని యడుగు అధికారిని చిన్నయుద్యోగులు మొదటి నిమిషముననే పసిగట్టుదురు. వారు తలలూపి లేచిపోవుదురు. దానికంటె, ఈ విషయము తేలిపోయినది, దీనిని మార్చుటకు వీలులేదు, ఈ రెండవ విషయము మాత్రము మీ చేతిలో నున్నది అని స్పష్టముగా చెప్పుట నిజాయితీ. ఇంకొకటి: సభలో పెద్దవాడు ముందు మాటాడిన, చిన్నవాని మాట అచటనే నిలిచిపోవును. కావున అధ్యక్షుడు కడపట మాటాడవలెను. క్రొత్తగా చేరినవాడు, పనికి మిక్కిలి దగ్గఱగా నున్నవాడు మొదట మాటాడవలెను. ఇది చిన్న యేర్పాటువలె కనబడినను, దీనివలన సభ స్వరూపమే మాఱుటను ఎవరైనను ఒక నెలలో గమనింపవచ్చును.

హైదరాబాదు చెంత రామచంద్రాపురములోని బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారమున 1980 ప్రాంతమున క్వాలిటీ సర్కిళ్లు మొదలైనపుడు ఇట్టి యనుభవమే కలిగినది. జపానులో 1962లో కవోరు ఇషికావా ప్రోత్సాహమున వెలసిన ఆ పద్ధతిలో, ఒకే చోట పనిచేయు కొద్దిమంది తమంతట తాముగా కూడి, తమ పనిలోని చిక్కును తామే ఎంచుకొని, తామే విచారించి, పరిష్కారమును పైవారి యెదుట పెట్టుదురు. ఈ సర్కిళ్ల వ్యాప్తికై ఏర్పడిన జాతీయ సంస్థ 1982లో సికింద్రాబాదు కేంద్రముగనే స్థాపింపబడెను. చిక్కును ఎంచుకొను స్వాతంత్ర్యము వారి దగుటలోనే దాని బలమున్నది.

ఇంతకును గనిలోనికి దిగక పూర్వము ఆ భూమిపై నివసించినవారికి సమష్టినిర్ణయము క్రొత్తది కాదు. కోయపల్లెలలో విత్తనాల పండుగయైన విజ్జపండుము జరుగనిదే ఎవరును విత్తనము వేయరు. ఆ పండుగ దినమును పెద్దలు, పూజారి, ఊరివారు కూడి నిశ్చయించుకొందురు. వేసవిలో తునికాకు కోయు కాలము వచ్చినపుడు ఆ యడవియే వారికి పనిచోటగును. తెల్లవాఱక మునుపే ఆకు కోసి, యాబదేసి ఆకులను ఒక కట్టగా కట్టి, కల్లమునకు మోసికొనిపోయిన స్త్రీ, ఆ కట్ట మంచిదో కాదో తేల్చు కల్లేదారు యెదుట నిలువబడవలెను. కట్టకు ఎంత రేటు అను విషయమున పల్లెలు ఒక్కటై కాంట్రాక్టరుతో వాదించి రేటు పెంచుకొనిన సందర్భములు ఈ మన్యమున ఉన్నవి. షెడ్యూల్డు ప్రాంతముల పంచాయతీలకై చేసిన 1996 నాటి పెసా చట్టమును, 2006 నాటి అటవీహక్కుల చట్టమును గ్రామసభకు ఇచ్చిన స్థానము ఈ యలవాటునకు శాసనరూపము. అటవీహక్కుల కమిటీలో స్త్రీలు మూడవవంతునకు తగ్గరాదని నియమమున్నది. ఆకు కోయువారిలో స్త్రీలే అధికులుగా నుండు అడవిలో ఆ మూడవవంతు చాల తక్కువ యని నా యభిప్రాయము.

స్త్రీల ప్రసక్తి వచ్చినది గనుక మఱియొక మాట. భూగర్భగనులలో స్త్రీలు పనిచేయరాదని 1952 నాటి గనుల చట్టము నిషేధించియుండెను. 2019 జనవరిలో ఆ నిషేధమును సడలించినపుడు ప్రభుత్వము విధించిన షరతులలో ఒకటి, పనికి పోవు స్త్రీ వ్రాతమూలకమైన సమ్మతిని ముందుగా పొందవలెననుట. మఱియొకటి, ఒక షిఫ్టులో ముగ్గురికి తక్కువగా నియమింపరాదనుట. పనికి పోవువారిని ముందుగా అడిగి, వారి సమ్మతిని కాగితముపై తీసికొనవలెనను నియమము స్త్రీలకు మాత్రమే ఏల పరిమితము కావలెనో నాకు తెలియకున్నది.

సింగరేణిలో నేడు తీయు బొగ్గులో అధికభాగము ఓపెన్‌కాస్టు గనులనుండియే వచ్చుచున్నది. సత్తుపల్లిలో జె.వి.ఆర్. గని, మణుగూరులో ప్రకాశంఖని, ఇల్లెందు వైపు కోయగూడెము గని ఇట్టివి. 2023-24లో కంపెనీ తీసిన బొగ్గు 7 కోట్ల టన్నులు. బొగ్గుమీది మట్టిని తొలగించు ఓ.బి. పనిని చాలవఱకు కాంట్రాక్టు సంస్థలు చేయుచున్నవి. వారి టిప్పర్లను నడుపువారిలో పొరుగు రాష్ట్రములనుండి వచ్చినవారు, హిందీ తప్ప వేఱుభాష రానివారు అనేకులు. వీరు గుర్తింపు ఎన్నికలలో ఓటర్లు కారు. స్ట్రక్చర్ సమావేశమున వీరి పక్షమున కూర్చుండువాడు లేడు. గుట్టవలె పోసిన మట్టిదిబ్బ అంచున రాత్రివేళ బండిని వెనుకకు నడుపువానికి, ఆ దిబ్బ వర్షమునకు ఎంత మెత్తబడినదో మిగిలిన యెవరికంటెను ముందుగా తెలియును. అతని జట్టునుండి ఒకనిని సేఫ్టీ కమిటీకి పిలుచుటకును, అతడు చెప్పినదానిని అతని భాషలో విని రిజిస్టరున కెక్కించుటకును, దానికెదురుగా తీసికొన్న చర్యను అతనికి అర్థమగునట్లు చదివి వినిపించుటకును క్రొత్త చట్టము అక్కఱలేదు. గని మేనేజరు రాబోవు నెల సమావేశముననే దీనిని ఆరంభింపవచ్చును.